ఆమెకు ఎప్పుడు చెప్పాలి?

ప్రశ్న: నేను ట్రాన్స్‌ పురుషుణ్ణి, అంటే పుట్టినప్పుడు ఆడపిల్లగా నమోదై మగవాడిగా బతుకుతున్నవాణ్ణి. వయసు 36. ఇరవయ్యో ఏట హార్మోన్లు మొదలుపెట్టాను. 23కల్లా ఆపరేషన్లు అయిపోయాయి. గర్భసంచి, అండాశయాలు తీసేశారు. విశాఖపట్నంలో ఉద్యోగం. సాయంత్రం తాళం తీసి ఇంట్లో అడుగు పెట్టాలంటే దిగులు. రెండేళ్లుగా హార్మోన్ ఇంజెక్షన్లూ సరిగా తీసుకోవడం లేదు. ఏడాదిగా పరిచయమున్న ఒక టీచరు పెళ్లి మాట ఎత్తింది. నా సంగతి ఆమెకు తెలియదు. ‘చెప్పకు, పెళ్లయ్యాక అదే సర్దుకుంటుంది’ అంటోంది అక్క. అసలు అప్పట్లో తొందరపడ్డానా అనిపిస్తోంది.

జవాబు: మీ చివరి వాక్యం దగ్గర ఆగిపోయాను. మగవాడిగా బతకడం బరువైందని ఉత్తరంలో ఎక్కడా లేదు. మీకు బరువైనది ఖాళీ ఇల్లు. రెండింటినీ ఒకే మూట కట్టకండి. నెదర్లాండ్స్‌లో కౌమారంలోనే చికిత్స మొదలైన ఒక ట్రాన్స్‌ పురుషుణ్ణి 22 ఏళ్ల తర్వాత వైద్యులు మళ్లీ పరిశీలించి, ఆ వివరాలు 2011లో ప్రచురించారు. అప్పటికి అతనికి 35. మారినందుకు విచారం లేదన్నాడు. బంధం నిలుపుకోవడం మాత్రం కష్టమైంది. ఒక్కరి కథతో అందరినీ కొలవలేం గానీ, మీ ఉత్తరం చదువుతుంటే అతనే గుర్తొచ్చాడు.

అక్కది ప్రేమే, సలహా మాత్రం తప్పు. ముఖ్యమైన సంగతి దాచి మోసంతో సమ్మతి పొందితే, హిందూ వివాహ చట్టం 12వ సెక్షన్ కింద పెళ్లి రద్దు కోరవచ్చు. చట్టం అలా ఉంచండి. ఏడాది మిమ్మల్ని నమ్మిన మనిషి ఏదో ఆసుపత్రి ఫైల్లో మీ గతం చదువుకోవాలా? విషయం పెద్దల దాకా పోకముందే, ఎదురుగా కూర్చుని మీరే చెప్పండి. ఫోనులో వద్దు. పుట్టినప్పుడు ఆడపిల్లగా నమోదయ్యారని, మీ వల్ల పిల్లలు కలగరని, హార్మోన్లు జీవితాంతం వాడాలని ఆమెకు తెలియాలి. ఆపరేషన్ల వివరాలన్నీ మొదటి రోజే అప్పజెప్పనక్కర్లేదు. ఆమె కోపంలో నలుగురికీ చెబితే ఏం చేయాలో ముందే అక్కతో మాట్లాడి పెట్టుకోండి. వెంటనే జవాబు అడగకండి. కాదంటే ఆ మాట ఆమెది. మీ శరీరం మీద తీర్పు కాదు.

సరే అంటే చట్టం అడ్డం రాదు. స్త్రీపురుష బంధంలో ఉన్న ట్రాన్స్‌ వ్యక్తులకు ఇప్పుడున్న వివాహ చట్టాల కిందే పెళ్లి హక్కు ఉందని సుప్రీంకోర్టు 2023 అక్టోబర్ 17న చెప్పింది. గుర్తింపు పత్రాలన్నిటిలో పేరు, లింగం ఒకేలా ఉన్నాయో లేదో ఒకసారి చూసుకోండి.

ఇక ఇంజెక్షన్లు. ఆ ఒక్క వాక్యం నన్ను ఎక్కువ కంగారు పెట్టింది. అండాశయాలు లేని శరీరానికి ఆ హార్మోనే ఆధారం. అది అందకపోతే ఎముకలు గుల్లబారతాయి, నీరసం కమ్ముతుంది, మనసూ కుంగుతుంది. మీ దిగులులో కొంత వాటా దానిదే కావచ్చు. అలాగని పాత మోతాదు సొంతంగా మొదలుపెట్టకండి. హార్మోన్ల వైద్య నిపుణుణ్ణి (ఎండోక్రైనాలజిస్టును) కలిసి ఎముకల సాంద్రత, రక్తం చిక్కదనం పరీక్షలు చేయించుకోండి. ఆమెతో మాట్లాడటం ఒక వారం ఆలస్యమైనా పరవాలేదు, ముందు ఆ పని చూడండి.