కట్టుకథలా, కోతలా?

సందేహం: అమెరికాలో పెరుగుతున్న మా మనవరాలి కోసం, అక్కడి అడవుల్లో చెట్లు నరికే మహాకాయుడు పాల్ బన్యన్ కథలు తెలుగులో రాస్తున్నాను. వాటిని అక్కడ ‘టాల్ టేల్స్’ అంటారు. నేను ‘పొడుగు కథలు’ అని రాస్తే మా ఆవిడ నవ్వింది. ‘కట్టుకథలు’ అంటే సరిపోతుందా? బన్యన్‌ని ‘కట్టెలు కొట్టేవాడు’ అనీ, ‘జానపద వీరుడు’ అనీ అనవచ్చా?

సమాధానం: ఆవిడ నవ్వడం న్యాయమే. పొడుగు కథ అంటే మనకు ఎంతకీ తెమలని కథ.

‘కట్టుకథ’ కూడా వద్దు. కట్టుకథ చెప్పేవాడికి మనం నమ్మాలని ఉంటుంది. సెలవు కోసం ఆఫీసులో చెప్పేది కట్టుకథ. బన్యన్ కథల తీరు వేరు. మిషిగన్, విస్కాన్సిన్, మిన్నెసోటా పైన్ అడవుల్లో చలికాలమంతా మానులు నరికే కూలీల కబుర్లలోంచి వచ్చినవి అవి. అబద్ధమని చెప్పేవాడికీ తెలుసు, వినేవాడికీ తెలుసు. కొత్తగా చేరిన కుర్రాడు నమ్మితే అదనపు వినోదం. దీనికి మన దగ్గర మాట తయారుగా ఉంది: కోతలు. ‘సొరకాయలు కోస్తున్నాడు’ అంటాం, ‘కోతలరాయుడు’ అంటాం. చెట్లు కోసేవాళ్ల కథలకు ‘కోతల కథలు’ అన్న పేరు ఎంత బాగా అతికిందో చూడండి. ఈ శ్లేష ఇంగ్లీషువాళ్లకు దక్కలేదు!

పేరుకంటే ముఖ్యమైనది క్రియాపదం. మీరు పంపిన పేజీలో ప్రతి వాక్యమూ ‘అట’తో ముగిసింది: “బన్యన్ క్యాంపులో అట్ల పెనం ఎంత పెద్దదంటే, దానికి జిడ్డు రాయడానికి కుర్రాళ్లు కాళ్లకు పంది కొవ్వు ముక్కలు కట్టుకుని దానిమీద జారేవాళ్లట.” వ్యాకరణం ప్రకారం తప్పు లేదు. కానీ ‘అట’ అన్నామంటే ఎవరో చెబితే విన్నాం, నిజానిజాలకు మా పూచీ లేదు అని తప్పుకున్నట్టే. పేదరాశి పెద్దమ్మ కథకు ఆ అట అందం. కోతలు కోసేవాడు ఎప్పుడూ అలా తప్పుకోడు, సాక్షినంటూ ఎదురు నిలబడతాడు. ఇలా మార్చి చూడండి: “నేనూ ఓ ఏడాది ఆ పెనం మీద జారాను. ఇదిగో, కాలిన మచ్చ.”

తెలంగాణ పల్లెల్లో కోతలు కోసి నవ్వించే పిట్టలదొరని చూసినవాళ్లకు ఇది వివరించక్కర్లేదు. తుపాకి రాముడనీ అంటారు. ఖాకీ బట్టలు, నెత్తిన టోపీ, భుజాన కట్టె తుపాకి. తన ఆస్తులూ వేటలూ ఏకరువు పెడుతుంటే అన్నీ ‘నేను’, ‘నాది’ అనే ఉంటాయి. మొహంలో నవ్వు మాత్రం కనబడదు.

ఇంకో కిటుకు, కొలత. బన్యన్ నీలి ఎద్దు ‘బేబ్’ రెండు కళ్ల మధ్య దూరం 42 గొడ్డలి కామలు, ఆపైన ఒక పొగాకు ముక్క. మీరు దాన్ని ‘చాలా దూరం’ అని కుదించారు. హాస్యమంతా ఆ పొగాకు ముక్కలోనే ఉందండీ! దయచేసి తిరిగి పెట్టండి.

‘కట్టెలు కొట్టేవాడు’ అంటే పొయ్యిలోకి కట్టెలు చీల్చేవాడు గుర్తొస్తాడు. నిలబడి ఉన్నది మాను, నరికి కొమ్మలు కొట్టేస్తే దుంగ, కోసి అమ్మితే కలప. బన్యన్ మానులు నరికేవాడు. అలాగే ‘ఫ్రాంటియర్’కి మీరు రాసిన ‘సరిహద్దు’ చదివితే సైనికులు కనిపిస్తారు. ‘అడవి అంచు’ చాలు.

ఇక ‘జానపద వీరుడు’. ఇక్కడ కొంచెం తటపటాయిస్తాను. బన్యన్ దేశమంతా తెలిసింది అచ్చు వల్ల. 1910లో జేమ్స్ మెక్‌గిలివ్రే డెట్రాయిట్ పత్రికలో బన్యన్ కథ రాశాడు. 1914 నుంచి రెడ్ రివర్ లంబర్ కంపెనీ తన కలప అమ్ముకోవడానికి ప్రకటనల పుస్తకాలు వేసింది. వాటిని రాసిన విలియం లాహెడ్ ఒకప్పుడు మానులు నరికే కూలీల క్యాంపుల్లో పనిచేసినవాడే. అందుకే రిచర్డ్ డార్సన్ అనే జానపద పండితుడు 1950లో ఇలాంటివాటికి ‘ఫేక్‌లోర్’ అని పేరు పెట్టాడు. ‘కల్తీ జానపదం’ అనుకోవచ్చు. నాకు మాత్రం అంత కోపం లేదు. విత్తనం కూలీలది, ఎరువు కంపెనీది. పాపకు ‘జానపద వీరుడు’ అనే రాయండి. మిన్నెసోటాలోని బెమిజీలో 1937 నుంచి 18 అడుగుల బన్యన్ బొమ్మ, పక్కన నీలి ఎద్దూ నిలబడి ఉన్నాయి. ఎప్పుడైనా తీసుకెళితే, ఆ కళ్ల మధ్య ఎన్ని గొడ్డలి కామలు పడతాయో తనే కొలుచుకుంటుంది.