ముక్కు అలర్జీ ఊదితే తేలుతుందా?

ప్రశ్న: మా బాబుకు ఎనిమిదేళ్లు. పొద్దున లేవంగనే పది, పదిహేను తుమ్ములు, ముక్కు నుంచి నీళ్లు. మా ఇల్లు ఎనుమాముల మార్కెట్ దగ్గర. మిర్చి సీజన్‌లో మరీ ఎక్కువైతది. దవాఖానలో గొట్టంలోకి ఊదిస్తే 28 వచ్చింది. ముక్కు అలర్జీ ఖాయమైనట్టేనా? — ఒక తల్లి, వరంగల్

జవాబు: కాదమ్మా. ఆ ఒక్క అంకెతో ముక్కు అలర్జీ ఉందనీ చెప్పలేం, లేదనీ చెప్పలేం. ఆ పరీక్ష కొలిచేది ఊపిరితో బయటికొచ్చే నైట్రిక్ ఆక్సైడ్‌ను. శ్వాసనాళాల్లో అలర్జీ రకం వాపు ఉంటే ఈ వాయువు ఎక్కువగా తయారవుతుంది. వంద కోట్ల పాళ్ల ఊపిరిలో అది ఎన్ని పాళ్లుందో రిపోర్టులో పీపీబీ అని రాస్తారు. పిల్లల్లో 20 లోపు ఉంటే అలాంటి వాపు ఉండే అవకాశం తక్కువ, 35 దాటితే ఎక్కువ. మీ బాబు అంకె సరిగ్గా మధ్యలో ఉంది. దాన్ని లక్షణాల పక్కన పెట్టి చదవాల్సిందే.

అసలు చిక్కు ఇంకొకటుంది. ఊపిరితిత్తుల కంటే ముక్కు, దాని చుట్టూ ఉన్న సైనస్ గదులే ఈ వాయువును ఎన్నో రెట్లు ఎక్కువగా తయారుచేస్తాయి. అది కలిస్తే లెక్క తప్పుతుంది. అందుకే గొట్టంలో కొంచెం అడ్డు ఉంటుంది. దానికి ఎదురు ఊదినప్పుడు అంగిలి వెనకభాగం పైకి లేచి ముక్కు దారిని మూసేస్తుంది. బిడ్డ నోటితోనే నిండా గాలి పీల్చి, పెదాలు గొట్టానికి బిగించి, సెకనుకు 50 మిల్లీలీటర్ల చొప్పున ఒకే తీరుగా ఊదాలి. పన్నెండేళ్లలోపు వాళ్లకు కనీసం 4 సెకన్లు, ఆపై వాళ్లకు 6. గట్టిగా ఊదితే అంకె తగ్గుతుంది, మెల్లగా ఊదితే పెరుగుతుంది. ముక్కుకు క్లిప్పు పెట్టకూడదు.

పరీక్షకు గంట ముందు నుంచి తినడం, తాగడం, ఆటలు ఆపాలి. పాలకూర, బీట్‌రూట్ తింటే అంకె పెరగొచ్చు. వైరస్ సర్దిలోనూ పెరుగుతుంది. పీల్చే స్టెరాయిడ్ వాడుతుంటే తగ్గుతుంది. స్పైరోమెట్రీ (ఊపిరితిత్తుల సామర్థ్యాన్ని గట్టిగా ఊదించి కొలిచే పరీక్ష) కూడా ఉంటే ముందు ఇది చేయించి ఆ తర్వాతే అది చేయించాలి. ఇవన్నీ అడగకుండా ఊదించి ఉంటే ఆ 28ని పట్టుకుని కూర్చోవద్దు, సర్ది తగ్గాక మళ్లీ చేయించండి.

మరి ఈ పరీక్ష దేనికి? ముక్కు అలర్జీ ఉన్న పిల్లల్లో చాలామందికి ఆస్తమా కూడా తోడవుతుంది. తుమ్ముల బిడ్డకు అంకె 35 దాటిందంటే రాత్రి దగ్గు, పరుగెత్తితే ఆయాసం, పిల్లికూతలు ఉన్నాయేమో గట్టిగా వెతకాలి. మా దృష్టిలో దీని విలువంతా అక్కడే ఉంది.

ముక్కు అలర్జీని తేల్చేది లక్షణాల చరిత్ర, ఆ తర్వాత చర్మ పరీక్ష లేదా రక్తంలో ఐజీఈ (అలర్జీలో శరీరం తయారుచేసే ప్రతిరక్షకం) పరీక్ష. బాబు ముక్కును వెలుతురులో చూడండి. అరచేత్తో పైకి తోసుకునే అలవాటున్న పిల్లలకు ముక్కు కొనకు కాస్త పైన అడ్డంగా సన్నని గీత పడుతుంది. చర్మ పరీక్షలో ముంజేతిపై అలర్జీ కలిగించే పదార్థాల చుక్కలు, పోల్చడానికి ఒక ఉప్పునీటి చుక్క వేసి సూదిమొనతో పైపైన గుచ్చుతారు. 15-20 నిమిషాల తర్వాత ఉప్పునీటి చుక్క దగ్గరకంటే 3 మిల్లీమీటర్లైనా ఎక్కువగా దద్దురు లేస్తే అది పాజిటివ్. అదీ లక్షణాలతో సరిపోలితేనే లెక్క. దీనికి సిట్రిజిన్ లాంటి మందును డాక్టరును అడిగి వారం ముందే ఆపాలి. రక్తపరీక్షకు ఆపక్కర్లేదు.

ఇక మిర్చి. ఆ ఘాటు ముక్కులోని నరాలను రేపుతుంది. అలర్జీ లేనివాళ్లూ తుమ్ముతారు. కాబట్టి మార్కెట్ పక్క తుమ్ములు రుజువు కావు. మిర్చి రాని వానాకాలంలోనూ పొద్దున్నే పక్కమీద తుమ్ములు వస్తున్నాయా? అయితే ముందు అనుమానించాల్సింది బొంతలో, దిండులో ఉండే దుమ్ము పురుగులను. దుప్పట్లు, దిండు గలీబులు వారానికోసారి 60 డిగ్రీల వేడినీటిలో ఉతకండి. రెండు వారాలు తుమ్ములు ఏ వేళ, ఎక్కడ వచ్చాయో రాసి డాక్టరుకు చూపండి.

ప్రశ్న: మా పాపకు నాలుగేళ్లు. ఎప్పుడూ ముక్కు కారుతది. ఈ పరీక్ష చేయించొచ్చా? — ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: ఆ వయసులో ఒకే తీరుగా ఊదడం చాలామందికి రాదు. చర్మ పరీక్ష, ఐజీఈ మాత్రం ఈ వయసులోనూ చేయొచ్చు. అంతకంటే ముందు ఒకటి చూడండి. చీమిడి రెండు వైపులా వస్తోందా, ఒక్క వైపేనా? ఒక్క వైపే, అదీ కంపు కొడుతూ వస్తుంటే పూసో, చింతగింజో ఇరుక్కుని ఉండొచ్చు. ఇంట్లో పిన్నీసుతో తీయబోవద్దు, లోపలికి జారుతుంది. ఆ రోజే ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.