టేపు చుట్టే ముందు నా భుజాల సంగతి విను

అమ్మలూ,

పాత బ్రాలన్నీ తీసేసి, ఇంట్లోనే సరిగ్గా కొలుచుకుని కొత్తవి కొనుక్కుంటానన్నావట, మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఎంత సంతోషమేసిందో! బాబు పుట్టాక నీకోసం నువ్వు చేసుకుంటున్న మొదటి పని ఇదేనేమో. కానీ ఫోన్ పెట్టేయగానే టెన్షన్ పట్టుకుంది. నేనూ నీలాగే ఇంట్లో టేపుతో కొలుచుకునే పన్నెండేళ్లు తప్పు సైజు వేసుకున్నాను.

కొలవడం కష్టమేం కాదు. టైలర్లు వాడే మెత్తటి టేపు తీసుకో, పాతదైతే స్కేలు పక్కన పెట్టి చూసుకో, సాగిపోయి ఉంటుంది. ప్యాడ్ లేని పలచటి బ్రాతో అద్దం ముందు నిలబడు. రొమ్ముల కింద టేపు బిగువుగా చుట్టి, ఊపిరి పూర్తిగా వదిలాక అంకె చూడు. వీపు మీద టేపు జారిపోకుండా చూసుకో. తర్వాత ఛాతీ బాగా ఎత్తుగా ఉన్నచోట, ఏమాత్రం నొక్కకుండా. బాబుకి పాలిచ్చావు కాబట్టి రొమ్ములు కాస్త మెత్తబడి ఉంటాయి, అందుకని నిలబడి ఒకసారి, నడుము వంచి ఒకసారి కొలిచి రెండింటికీ మధ్య అంకె తీసుకో. పీరియడ్స్ ముందు రోజుల్లో మాత్రం కొలవకు, అప్పుడు వాపు ఉంటుంది.

నేను దెబ్బతిన్నది ఆ తర్వాత లెక్క దగ్గర.

నాకు కింద 31 అంగుళాలు, పైన 37. అప్పట్లో ఎవరినడిగినా ఒకటే చెప్పేవాళ్లు, కింద కొలతకి నాలుగో ఐదో కలిపి సరిసంఖ్య చెయ్యమని. 31కి 5 కలిపితే 36. పైన 37 కాబట్టి తేడా ఒక్క అంగుళం, అంటే ‘ఏ’ సైజు కప్పు. 36ఏ కొన్నాను. పైనుంచి పొంగి వచ్చేసేది. లెక్క తప్పిందేమోనని ఒక్కసారి కూడా అనిపించలేదే నాకు, నేనే లావయ్యాననుకుని 38బీకి వెళ్లాను. అది కప్పు వరకు సరిగ్గా సరిపోయింది. నా కొంప ముంచింది అదే.

ఎందుకంటే కప్పు అక్షరం ఒక్కటే చూస్తే ఏమీ తెలియదు, పక్కనున్న అంకెతో కలిపి చూడాలి. 32డీడీ, 34డీ, 36సీ, 38బీ, ఈ నాలుగింట్లోనూ కప్పు ఇంచుమించు ఒకటే. మారేది చుట్టుకొలతే. కప్పు సరిపోయింది కదా అని నేను నిశ్చింతగా ఉన్నాను, రొమ్ముల కింద చుట్టూ ఉండే బ్యాండేమో వీపు మీద పైకి పాకిపోయేది. అది పాకినకొద్దీ స్ట్రాపులు బిగించేదాన్ని. బరువు మోయాల్సింది ఆ బ్యాండు. అది వదులైతే మొత్తం భారం ఆ రెండు పట్టీల మీద పడుతుంది. సాయంత్రానికి మెడ పట్టేసేది. దిండు మార్చాను, ఆఫీసులో కుర్చీ మార్పించుకున్నాను. ఇప్పటికీ స్నానం చేస్తూ సబ్బు రాసుకుంటుంటే కుడి భుజం మీద గాడిలో చూపుడు వేలు దిగుతుంది.

చివరికి ఒక షాపులో నా వయసులో సగం లేని అమ్మాయి వెనక నిలబడి, నా బ్యాండు పట్టుకుని లాగితే పిడికిలంత గుడ్డ చేతికొచ్చింది. మళ్లీ కొలిచి 32డీడీ అంది. నన్ను తిట్టినట్టు అనిపించిందే! డీడీ అంటే ఏదో సిగ్గుపడాల్సిన సంగతని మనసులో ముద్రపడిపోయింది కదా. కోపంగా బయటికొచ్చేసి ఇంకో నాలుగు నెలలు అదే 38బీ వేసుకుని తిరిగాను. అక్షరం చూసి నువ్వు మాత్రం అలా బెదిరిపోకు తల్లీ.

కాబట్టి ఏమీ కలపకు. కింద కొలత బేసి సంఖ్య వస్తే పై సరిసంఖ్య తీసుకో, నా 31కి 32 లాగా. పై కొలతలోంచి అది తీసెయ్. ఒక అంగుళం తేడా ఉంటే ఏ, రెండుంటే బీ, మూడుంటే సీ, నాలుగుంటే డీ, ఐదుంటే డీడీ. ఆ పైన ఒక్కో దేశం ఒక్కోలా రాస్తుంది. కొన్ని కంపెనీల చార్టుల్లో ఇప్పటికీ ఆ నాలుగు కలిపే ఉంటుంది, అందుకే కొనేముందు వాళ్ల చార్టు చూడు, కానీ చివరి మాట మాత్రం నీ ఒంటిదే.

వేసుకున్నాక స్ట్రాపులు రెండూ భుజాల మీంచి దించెయ్. బ్యాండు కదలకుండా ఉన్నచోటే ఉండాలి. ఇది మాత్రం మర్చిపోయావంటే ఊరుకోను. కొత్తది చివరి హుక్కుకి, అంటే బాగా వదులు హుక్కుకి సరిపోవాలి, సాగేకొద్దీ లోపలి హుక్కులకి వస్తావు. బ్యాండు కింద రెండు వేళ్లు దూరితే చాలు. కాస్త ముందుకు వంగి, చంక వైపు నుంచి మొత్తం కప్పులోకి సర్దుకో. వైరు రొమ్ము చుట్టూ ఉండాలి, కండ మీద ఎక్కకూడదు. మధ్య భాగం ఛాతీ ఎముకకి ఆనాలి. ఒకవైపు పెద్దగా ఉంటే కంగారు పడకు, చాలామందికి అంతే, పెద్దదాని సైజే తీసుకో.

పాలు మాన్పించి ఎన్నాళ్లో కాలేదు కదా, ఇంకా మారుతుంది, రెండుకి మించి కొనకు. అద్దం ముందు ఎలాగూ నిలబడతావు కాబట్టి చేత్తో కూడా చూసుకో. గడ్డలా తగిలినా, చర్మం సొట్ట పడినా నెట్‌లో వెతుకుతూ కూర్చోకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లు, నాకూ ఫోన్ చెయ్.

పోయినసారి వచ్చినప్పుడు బాబుని ఎత్తుకుని భుజాలు లాగేస్తున్నాయన్నావు. పిల్లాణ్ణి మోస్తే అంతేలే అన్నాను, నీ స్ట్రాపు ఎంత బిగించి ఉందో కళ్ళారా చూస్తూ కూడా. అప్పుడే చెప్పాల్సింది. ఆదివారం కొలుచుకో, రెండంకెలూ నాకు మెసేజ్ పెట్టు, లెక్క నేనూ వేసి చూస్తాను.

పిన్ని