సెయింట్ లూయిస్ నేరాల లెక్క, మీ అబ్బాయి అద్దె ఇల్లు

రాజాం నుంచి ఒక తండ్రిగారు పంపిన సందేహం ఇది. వారి అబ్బాయికి సెయింట్ లూయిస్‌లో ఎమ్మెస్ సీటు వచ్చింది. అమెరికాలో నేరాలు ఎక్కువగా జరిగే నగరాల జాబితాల్లో ఆ ఊరి పేరు పైవరుసలో కనబడేసరికి ఇంటిల్లిపాదికీ నిద్ర కరవైందట. అబ్బాయి పెద్దమ్మగారైతే ఫోను అందుకుని, "సీకటి పడ్డాక బయటికెళ్లొచ్చేటి బావూ అక్కడ?" అని నన్నే నిలదీశారు. విజయనగరంలో పుట్టి పెరిగి, సెయింట్ లూయిస్ శివారులో ఇరవై ఏళ్లకు పైగా కాపురం ఉంటున్నవాణ్ణి కనుక కొంత వివరంగానే జవాబు రాస్తున్నాను.

నేరాల రేటు అంటే లక్ష జనాభాకు ఎన్ని నేరాలు నమోదయ్యాయన్న లెక్క. మన దేశంలోనూ ఇలాగే కడతారు. చిక్కంతా ఏ జనాభాతో భాగిస్తున్నారన్న దాంట్లోనే ఉంది. సెయింట్ లూయిస్ నగరం 1876లో ఓటు వేసుకుని మరీ తన కౌంటీ (మన జిల్లా లాంటిది) నుంచి విడిపోయింది. ఆ తరువాత శివార్లు ఎంత పెరిగినా నగరం సరిహద్దు మాత్రం జరగలేదు. 2020 జనగణన ప్రకారం ఆ గీత లోపల ఉన్నవారు దాదాపు 3 లక్షల మంది. చుట్టుపక్కల ఊళ్లన్నీ కలిపితే సుమారు 28 లక్షలు. పగలు ఉద్యోగాలకు, ఆటలకు, ఆసుపత్రులకు గీత దాటి లోపలికి వచ్చేవారి మీద జరిగిన దొంగతనాలు కూడా ఆ 3 లక్షల మంది ఖాతాలోనే పడతాయి. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం నాడు మూడు లాంతర్ల దగ్గర పోయిన పర్సులన్నీ లెక్కపెట్టి, ఆ కూడలి చుట్టూ కాపురం ఉండేవారి సంఖ్యతో భాగిస్తే విజయనగరానికి ఎలాంటి పేరు వస్తుందో ఒక్కసారి ఊహించుకోండి.

అలాగని మీ భయం ఉత్తదని అనను. నగరంలోని కొన్ని పేటల్లో కాల్పులు, హత్యలు నిజంగానే ఎక్కువ. అయితే అవి ఊరంతటా సమానంగా పరుచుకుని లేవు. నాలుగు వీధులు దాటితే పరిస్థితి మారిపోతుంది. అందుచేత ఊరి పేరు మీద వచ్చిన అంకెను పక్కన పెట్టి, అబ్బాయి చూసిన అపార్టుమెంటు చిరునామా చుట్టూ అర మైలు మేర గడచిన ఏడాదిలో ఏమి జరిగిందో చూడమనండి. చాలా పోలీసు శాఖలు ఈ వివరాలను పటం మీద చుక్కలుగా చూపిస్తాయి. చుక్కల సంఖ్య కన్నా అవి ఏ రకం నేరాలో, ఏ వేళప్పుడు జరిగాయో ముఖ్యం. దుకాణంలో సరుకు ఎత్తుకుపోవడం, రాత్రి పదకొండుకు బస్టాపు దగ్గర తుపాకీ చూపించి దోచుకోవడం పటం మీద రెండూ ఒక్కో చుక్కే.

పాత ఏడాదులతో పోల్చేటప్పుడు ఇంకొక జాగ్రత్త అవసరం. దేశమంతటి నేరాల లెక్కలను సేకరించే అమెరికా కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ 2021 నుంచి నమోదు పద్ధతిని మార్చింది. పాత పద్ధతిలో ఒక ఘటనలో నాలుగు నేరాలు జరిగినా సాధారణంగా అన్నిటికన్నా పెద్దదాన్నే లెక్కించేవారు. కొత్త పద్ధతిలో అన్నీ నమోదవుతాయి. పైగా ఆ మొదటి ఏడాది న్యూయార్క్, లాస్ ఏంజెలెస్ వంటి మహానగరాల పోలీసులే లెక్కలు పంపలేదు. ఇవేవీ పట్టించుకోకుండా జాబితాలు అల్లేవారిని నేను నమ్మను.

విశ్వవిద్యాలయాలు ఏటా అక్టోబరు 1 నాటికి భద్రతా నివేదిక ప్రకటించాలని 1990 నాటి క్లెరీ చట్టం చెబుతోంది. అందులో మూడేళ్ల అంకెలు ఉంటాయి. తప్పక చదవండి కాని, అది ప్రధానంగా ప్రాంగణానికీ దాన్ని ఆనుకున్న రోడ్లకూ సంబంధించినదే. మనవాళ్లు నలుగురైదుగురు కలిసి అద్దెకు తీసుకునే ప్రైవేటు ఇళ్లు దాని లెక్కలోకి రావు. ఇల్లు చూపించే ఏజెంటును "ఇది మంచి ఏరియాయేనా?" అని అడిగితే ఆయన నీళ్లు నములుతాడు. జాతినిబట్టి మనుషులను ఫలానా పేటకు మళ్లించడాన్ని 1968 నాటి గృహ వివక్ష నిరోధక చట్టం నిషేధించింది కనుక, ఆ మాటే ఎత్తకుండా తప్పుకుంటారు. మనవాళ్లలో కొందరు ఇరుగుపొరుగు వారి ఒంటి రంగు చూసి పేటకు మార్కులు వేస్తారు. అది అన్యాయమే కాదు, దానివల్ల ఇంటి భద్రత గురించి తెలిసేదీ ఏమీ ఉండదు.

నా అనుభవం ఒకటి చెబుతాను. వచ్చిన తొలి శీతకాలంలో, అద్దె తక్కువని తీసుకున్న ఇంటి ముందు రాత్రి కారు నిలిపి, వెనక సీట్లో బ్యాగు వదిలేసి పైకి వెళ్లాను. తెల్లవారి చూస్తే అద్దం పగిలి, సీటు నిండా సగ్గుబియ్యం పోసినట్టు గాజు పలుకులు. ల్యాప్‌టాప్ పోయింది, పాస్‌పోర్టూ పోయింది. అద్దానికి కారు బీమా వర్తించింది కాని, లోపలి వస్తువులకు అద్దెదారు బీమా ఉండాలని అప్పుడే తెలిసింది. పోలీసు రిపోర్టు తీసుకోబట్టి కొత్త పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టుకోగలిగాను. కనుక అబ్బాయిని చేరిన వారంలోనే అద్దెదారు బీమా తీసుకోమనండి. బంగారు గొలుసు మాత్రం మెడలో వేసి పంపకండి. నగలు దొంగతనమైతే ఈ బీమాలు చాలావరకు 1,500 డాలర్లకు మించి ఇవ్వవు. పైగా మన ఇళ్లలో బంగారం ఉంటుందన్న సంగతి అక్కడి దొంగలకూ తెలుసు.

పండక్కి ఊరెళుతూ ఇంటికి తాళం వేసేవారు మన పోలీసులకు చెబితే నిఘా పెట్టినట్టే, అక్కడి చాలా ఊళ్లలోనూ సెలవులకు వెళ్లేముందు స్టేషనులో చెప్పి ఉంచవచ్చు. ఆపద వస్తే 911కు ఫోను చేసి ముందు చిరునామా చెప్పాలి, తరువాతే మిగతా కథ. ఎవరైనా ఆయుధం చూపిస్తే ఫోనూ పర్సూ మారుమాట లేకుండా ఇచ్చేయమని పెద్దమ్మగారి చేతనే చెప్పించండి. ఆవిడ మాటైతే వింటాడు.

ఇక ఇల్లు ఖాయం చేసే ముందు అబ్బాయిని స్నేహితుడితో కలిసి శుక్రవారం రాత్రి పదింటికి ఒకసారి అక్కడికి వెళ్లమనండి. వీధి దీపాలు వెలుగుతున్నాయా, ముందు తలుపు తనంతట తాను తాళం పడుతోందా, ఆ వేళప్పుడు మనుషులు కుక్కలను నడిపించుకుంటూ తిరుగుతున్నారా అన్నవి చూసుకున్నాక, కార్లు నిలిపే చోట సెల్‌ఫోను లైటు వేసి నేలను పరీక్షగా చూడమనండి. గట్టు వెంబడి రెండు మూడు చోట్ల సగ్గుబియ్యం లాంటి గాజు పలుకులు కనబడితే, అడ్వాన్సు ఇవ్వకుండా వెనక్కి వచ్చేయమనండి.