అతిధ్వని పాటగా మారేది గాలిలోనే

మీ వీధి గుడి మైకు భక్తులకే వినపడాలి, పక్క ఇళ్లకు వద్దు, అందుకు అతిధ్వని స్పీకర్లు పెట్టించవచ్చా అని అడిగారు. అసలు చెవికి అందని ధ్వని పాటగా ఎలా మారుతుందనీ అడిగారు. కావలిలో పాతికేళ్లుగా మైకు సెట్ల పని చేస్తున్నాను. ఇంజనీరింగ్ చదివే మా మేనల్లుడి పోరు పడలేక అలాంటిదొకటి బిగించి చూశాను.

దూరం కొలిచే సెన్సర్లలో ఉండే చిన్న బిళ్లలు అరవై దాకా జానెడు పలక మీద పేర్చాము. అవి సెకనుకు 40,000 సార్లు కంపిస్తాయి. మన చెవి హద్దు 20,000. రేడియో తరంగం మీద మాట ఎక్కించినట్టే ఆ కంపనం మీద పాట ఎక్కిస్తాము. రేడియోలో మాటను విడదీసే భాగం విడిగా ఉంటుంది. ఇక్కడ ఆ చాకిరీ గాలే చేస్తుంది. ధ్వని బాగా తీవ్రమైతే, గాలి నొక్కుకున్న చోట అల కాస్త వేగంగా, పలచబడిన చోట కాస్త నెమ్మదిగా సాగి వంకర పోతుంది. 1,000 కంపనాల స్వరం ఎక్కిస్తే 40,000 పక్కన 41,000 కూడా చేరుతుంది, ఆ వంకరలోంచే ఆ రెండింటి తేడా అయిన 1,000 పుడుతుంది. దీన్ని విస్పందనాలని, అంటే దగ్గరి స్థాయి ధ్వనులు రెండు కలిసినప్పుడు వచ్చే హెచ్చుతగ్గులని, చెప్పేవాళ్లున్నారు, కాదు. అల వంకర పోకుండా ఊరికే కలిస్తే కొత్త ధ్వని పుట్టదు.

40,000 కంపనాల అల పొడవు 8.5 మిల్లీమీటర్లే. పలక దానికి ఎన్నో రెట్లు పెద్దది కనుక ధ్వని టార్చి వెలుగులా సన్నగా సాగుతుంది. పాట ఆ దారి పొడవునా పుడుతూ ముందువైపుకే కూడుకుంటుంది. 1963లోనే అమెరికా భౌతిక శాస్త్రవేత్త వెస్టర్‌వెల్ట్ ఈ సిద్ధాంతం చెప్పాడు, 1983లో జపాన్ పరిశోధకులు దీనితో స్పీకరు చేసి చూపారు.

మా మేడ మీద రెండడుగులు పక్కకు జరిగితే పాట దాదాపు మాయం. ఎదురు గోడకు తిప్పితే గోడే పాడింది. బట్టలు ఆరేస్తున్న పక్కింటి పెద్దమ్మ ఆ గోడను తడిమి చూసింది. పిల్లులకు 40,000 చక్కగా వినపడుతుంది, పిట్టగోడ మీది పిల్లి ఆ రోజే మకాం మార్చింది.

అయితే సన్నాయి వినిపించింది గానీ డోలు రాలేదు. స్థాయి ఒక అష్టకం దిగితే, అంటే కంపనాలు సగమైతే, ధ్వని పీడనం నాలుగో వంతుకు పడిపోతుంది. మంగళవాయిద్యానికి అది ఎందుకు? ప్రదర్శనశాలలో ఒక్క బొమ్మ ముందు నిలబడినవారికి వ్యాఖ్యానం వినిపించడానికైతే బాగుంటుంది. మీ గుడికి ఎత్తున ఉన్న హారన్ దింపించి, మంటపం స్తంభాలకు నాలుగు చిన్న కాలమ్ స్పీకర్లు కిందికి వంచి పెట్టించండి.