ముందు గుర్తు, తరువాతే అంకె

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన నాలుగు పేజీలూ చూశాను. సూత్రాలన్నీ కంఠతా వచ్చినా లెక్కలు తప్పుతున్నాయని బాధపడ్డావు. పేజీలు చూస్తే నాకు తోచింది వేరు. ప్రతి లెక్కలోనూ మొదటి పంక్తి సూత్రమే. ప్రశ్న చదవడం పూర్తికాకముందే పెన్ను సూత్రం మీదికి ఉరికింది. ముప్పై ఏళ్లకు పైగా రసాయన శాస్త్రం బోధించాను కదా, సూత్రం గుర్తురాక మార్కులు పోగొట్టుకున్నవాళ్లకంటే అది మరీ త్వరగా గుర్తొచ్చి పోగొట్టుకున్నవాళ్లనే ఎక్కువగా చూశాను.

అందుకని ఒక పని చేయి. అంకెలు ముట్టుకోకముందే పేజీ అంచున మామూలు మాటల్లో ఒక వాక్యం రాయి. ఇక్కడ ఏమి జరుగుతోంది, జవాబు ధనమా ఋణమా, సుమారుగా ఎంత ఉండాలి. అంతే. చిన్నపిల్లల పనిలా అనిపిస్తుంది కానీ, నేను చదువుకునే రోజుల్లో ఈ వాక్యం రాసి ఉంటే ఒక పరాభవం తప్పేది.

మంచు, నీరు సమతాస్థితిలో ఉండే ఉష్ణోగ్రత కనుక్కోమన్నారు. మంచు కరగడానికి మోలుకు 6.01 కిలోజౌళ్ల ఎంథాల్పీ, అంటే ఉష్ణం, కావాలి, ఎంట్రోపీ (చెదురుబాటు కొలత) మార్పు మోలుకు, కెల్విన్‌కు 22.0 జౌళ్లు. చర్య తనంతట తాను ఎటు సాగుతుందో చెప్పే గిబ్స్ శక్తి మార్పు సమతాస్థితిలో సున్నా కాబట్టి ఒకదాన్ని మరొకదానితో భాగిస్తే చాలు. 6.01ని 22.0తో భాగించి, 0.273 కెల్విన్ అని రాసి, కింద రెండు గీతలు కూడా గీశాను. మా మాస్టారు ఎర్ర సిరాతో పక్కన "ఈ మంచు ఏ లోకంలోది నాయనా?" అని రాసి ఇచ్చారు. కిలోజౌళ్లను జౌళ్లుగా మార్చి 6010 వేసుకుంటే 273 కెల్విన్, అంటే మనకు తెలిసిన సున్నా డిగ్రీల సెల్సియస్. ఎంథాల్పీ పట్టికలు కిలోజౌళ్లలోనూ, ఎంట్రోపీ పట్టికలు జౌళ్లలోనూ ఉంటాయి. ఉష్ణగతిక శాస్త్రంలో మొదటి ఏడాది విద్యార్థుల తప్పుల్లో పెద్ద వాటా ఈ ఒక్క తేడాదే. నీ రెండో పేజీలోనూ ఉంది, చూసుకో.

అదే పేజీలో హైడ్రోజన్, క్లోరిన్ కలిసి హైడ్రోజన్ క్లోరైడ్ ఏర్పడే లెక్కకు జవాబు ధనంగా వచ్చింది. బంధ ఎంథాల్పీలు ఇచ్చినప్పుడు "క్రియాజన్యాల నుంచి క్రియాజనకాలు తీసివేయాలి" అన్న వరసను, అంటే ఏర్పడినవాటిలోంచి మొదట ఉన్నవాటిని తీసేయడాన్ని, గుడ్డిగా వాడావు. ఆ వరస సంఘటనోష్ణాలకు, అంటే మూలకాల నుంచి ఒక మోలు పదార్థం ఏర్పడేటప్పటి ఉష్ణాలకు, చెందినది. బంధాల పట్టికలో ఉన్నవి బంధాన్ని తెంచడానికి అయ్యే ఖర్చులు. తెంచేవి క్రియాజనకాలలోవి కాబట్టి వాటిని ముందు వేసి, కొత్త బంధాలు కట్టినప్పుడు తిరిగి వచ్చేదాన్ని తీసివేయాలి. హైడ్రోజన్ బంధానికి 436, క్లోరిన్ బంధానికి 242 కలిపితే 678. కొత్తగా ఏర్పడే రెండు బంధాలకు రెండు 431లు, 862. తేడా −184 కిలోజౌళ్లు. ఇప్పుడు సంఘటనోష్ణాల దారిలో వెళ్లు. మోలుకు −92.3, రెండు మోళ్లకు −184.6. రెండు దారులూ ఒకే ఊరికి చేరాయి. మిగిలిన ఆ కాస్త తేడా అంకెలను సవరించి రాయడం వల్ల వచ్చింది. ఇలా రెండో దారి ఉన్న లెక్క దొరికినప్పుడల్లా రెండుసార్లు చేయి. పది కొత్త లెక్కలు చేసినదానికంటే మేలు.

హెస్ నియమం (ఏ దారిలో వెళ్లినా మొత్తం ఎంథాల్పీ మార్పు ఒకటే అన్నది) నీకు బాగానే వచ్చింది, దాని జోలికి పోను. పనికి సంబంధించిన గుర్తు మాత్రం జాగ్రత్త. వ్యవస్థ వ్యాకోచించి చేసిన పనిని కొన్ని పాత పుస్తకాలు ధనంగా, ఇప్పటి రసాయన శాస్త్ర పుస్తకాలు ఋణంగా రాస్తాయి. రెండు పుస్తకాలు పక్కపక్కన పెట్టుకుని చదివితే ముందు ఈ సంగతి చూడు.

ఇక విద్యుద్రసాయన శాస్త్రం. నువ్వు ఎక్కువగా తడబడింది ఇక్కడే, నాకు ఎక్కువ ఇష్టమైనదీ ఇదే. రాగి, వెండి ఘటంలో, అంటే ఆ రెండు లోహాలతో చేసిన బ్యాటరీలో, వెండి సమీకరణాన్ని రెండుతో గుణించావు, సరే. దానితో పాటు 0.80 వోల్టులను కూడా రెండుతో గుణించావు, అది కూడదు. పొటెన్షియల్ అంటే ఒక్కో కూలూంబ్ ఆవేశానికి దక్కే శక్తి. ఎలక్ట్రాన్లు రెట్టింపైతే శక్తీ రెట్టింపవుతుంది, ఒక్కో కూలూంబ్‌కు దక్కే వాటా మారదు. జవాబు వెండి 0.80 లోంచి రాగి 0.34 పోగా 0.46 వోల్టులు.

అయితే ఈ మాట పట్టుకుని ఇనుము లెక్కలో ఇంకో గోతిలో పడ్డావు. ఫెర్రిక్ అయాన్ (మూడు ధనావేశాల ఇనుము) ఫెర్రస్ (రెండు ధనావేశాలది) కావడానికి +0.77, ఫెర్రస్ అయాన్ ఇనుము కావడానికి −0.44 అని ఇచ్చి, ఫెర్రిక్ నుంచి నేరుగా ఇనుముకు ఎంత అని అడిగారు. రెండూ కలిపి +0.33 అన్నావు. ఎలక్ట్రాన్లు పోవడాన్నో చేరడాన్నో మాత్రమే చూపే రెండు అర్ధచర్యలు కలిసి పూర్తి ఘటం అయినప్పుడు ఎలక్ట్రాన్లు రెండు వైపులా సమానమై కొట్టుకుపోతాయి, అందుకే పొటెన్షియళ్లను నేరుగా కలపగలం. ఇక్కడ రెండు అర్ధచర్యలు కలిసి మూడో అర్ధచర్య అవుతోంది, ఎలక్ట్రాన్లు ఎక్కడికీ పోలేదు. అప్పుడు కలపవలసింది శక్తిని. ఒక ఎలక్ట్రాన్‌కు 0.77, రెండు ఎలక్ట్రాన్లకు −0.88, మొత్తం −0.11. దాన్ని మూడు ఎలక్ట్రాన్లకు పంచితే సుమారు −0.04 వోల్టులు. గుర్తే తలకిందులైంది చూశావా? ఈ ఒక్క లెక్క పూర్తిగా అర్థమైతే పొటెన్షియల్‌కూ గిబ్స్ శక్తికీ ఉన్న బంధుత్వం ఇక మరిచిపోవు.

గాఢతలు మారితే వోల్టులు ఎంత మారతాయో చెప్పే నెర్న్‌స్ట్ సమీకరణంలో ఏ గాఢత పైన, ఏది కింద అని ప్రతిసారీ సందేహమని రాశావు. బట్టీ పట్టకు. జింకు, రాగి ఘటం ప్రమాణ స్థితిలో 1.10 వోల్టులు ఇస్తుంది. రాగి అయాన్ గాఢతను 0.010 మోలార్‌కు తగ్గించి, జింకు అయాన్‌ను 1.0 మోలార్ దగ్గరే ఉంచామనుకో. ముడిసరుకు తగ్గింది, కాబట్టి ఘటం కాస్త నీరసించాలి. అంచున "తగ్గాలి" అని రాసుకో. జింకు గాఢతను రాగి గాఢతతో భాగిస్తే నిష్పత్తి 100, దాని సంవర్గమానం 2, 0.0592ను రెండు ఎలక్ట్రాన్లతో భాగించి రెండుతో గుణిస్తే మళ్లీ 0.0592. 1.10 లోంచి అది పోగా జవాబు 1.04. ఎవరైనా 1.16 తెస్తే భిన్నం తలకిందులుగా వేసినట్టే.

ఆనోడ్ ధనమా ఋణమా అన్న గొడవలో పడకు. అది ఘటాన్ని బట్టి మారుతుంది. ఆనోడ్ దగ్గర ఆక్సీకరణం (ఎలక్ట్రాన్లు కోల్పోవడం) అన్నది మాత్రం ఎక్కడా మారదు. విద్యుద్విశ్లేషణ లెక్కలకు ఒకే మెట్లవరస: ఆంపియర్లను సెకన్లతో గుణిస్తే కూలూంబ్‌లు, వాటిని ఒక మోలు ఎలక్ట్రాన్ల ఆవేశమైన 96,500తో భాగిస్తే ఎలక్ట్రాన్ మోళ్లు, అక్కడి నుంచి లోహం మోళ్లు, ఆపైన గ్రాములు. 2 ఆంపియర్లు 965 సెకన్లు పారితే 0.02 మోళ్ల ఎలక్ట్రాన్లు, ఒక్కో రాగి అయాన్‌కు రెండు ఎలక్ట్రాన్లు కావాలి కాబట్టి అందులో సగం రాగి, అంటే 0.635 గ్రాములు. నువ్వు సగం చేయడం మరిచిపోయావు.

అణు నిర్మాణంలో అంకెలు తక్కువ కాబట్టి తేలికనుకుంటారు. జీనాన్ టెట్రాఫ్లోరైడ్‌ను చతుర్ముఖి అని గీశావు. నాలుగు ఫ్లోరిన్‌లు కనిపించగానే మీథేన్ గుర్తొచ్చి ఉంటుంది. ముందు లెక్కపెట్టు: జీనాన్‌వి 8, ఫ్లోరిన్‌లవి 28, మొత్తం 36 వేలన్సీ ఎలక్ట్రాన్లు. బంధాలకు 8, ఫ్లోరిన్‌ల మీద 24 పోతే ఇంకా 4 మిగిలాయి. అవి జీనాన్ మీద రెండు ఒంటరి జంటలు, అంటే ఏ బంధంలోనూ లేని జంటలు. ఆరు జంటలు అష్టముఖిగా సర్దుకుంటాయి, ఒంటరి జంటలు ఒకదానికొకటి ఎదురెదురుగా దూరం జరుగుతాయి, అణువు సమతల చతురస్రంగా మిగులుతుంది. బొమ్మ గీయడానికి ముందు ఎలక్ట్రాన్ల మొత్తం రాయకపోతే నా దగ్గర సగం మార్కులు పోయేవి.

అమ్మోనియా, నైట్రోజన్ ట్రైఫ్లోరైడ్ ప్రశ్నకు నీ జవాబు చదివి నవ్వుకున్నాను, ఎందుకంటే నేనూ ఒకప్పుడు అలాగే రాశాను. ఫ్లోరిన్ ఎలక్ట్రాన్లను బలంగా లాగుతుంది కాబట్టి రెండోదానికే ద్విధ్రువ భ్రామకం (ఆవేశం రెండు కొసలకు ఎంత వేరుపడిందో చెప్పేది) ఎక్కువ అన్నావు. నిజానికి దాన్ని కొలిచే డిబైలలో అమ్మోనియాది 1.47, రెండోది 0.23 మాత్రమే. బాణాలు గీసి చూడు. అమ్మోనియాలో బంధాల బాణాలూ ఒంటరి జంట బాణమూ ఒకే వైపు చూస్తాయి, రెండోదానిలో ఎదురెదురుగా లాగుతాయి.

ఆక్సిజన్ అయస్కాంతానికి ఎందుకు అంటుకుంటుందని చివర అడిగావు. ద్రవ ఆక్సిజన్‌ను బలమైన అయస్కాంతపు ధ్రువాల మధ్య పోస్తే నిజంగానే వేలాడుతుంది. మనం గీసే చుక్కల బొమ్మలో ఎలక్ట్రాన్లన్నీ జతకట్టినట్టే ఉంటాయి, అక్కడ ఆ బొమ్మ ఓడిపోతుంది. అణు ఆర్బిటాల్ సిద్ధాంతం మాత్రం రెండు జతకూడని ఎలక్ట్రాన్లను చూపిస్తుంది. ఆ అధ్యాయానికి వచ్చినప్పుడు తీరిగ్గా మాట్లాడుకుందాం.

ఇప్పటికి నాలుగు పేజీలూ తిరగరాయకు. ఇనుము లెక్క ఒక్కటే, పుస్తకం మూసి, అంచున వాక్యంతో సహా చేసి పంపు. శుభ్రంగా ఎత్తిరాసిన ప్రతి వద్దు, కొట్టివేతలున్న చిత్తు కాగితమే కావాలి.

నీ మామయ్య