లాగితే ఇంకా పరిగెత్తే గుర్రం

ప్రశ్న: మేడమ్, నేను గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. మలక్‌పేటలో రేసులు మానేసిన ఆరేళ్ల థరోబ్రెడ్ (రేసుల జాతి) గుర్రాన్ని నాలుగు నెలల క్రితం కొని మొయినాబాద్ దగ్గర ఒక ఫామ్‌లో ఉంచాను. నేను కింద ఉన్నంతసేపూ పిల్లిలా ఉంటుంది. ఎక్కగానే టెన్షన్ మొదలు. ట్రాట్‌లో (నడకకీ దౌడుకీ మధ్య వేగంలో) తల పైకెత్తేసి పరుగందుకుంటుంది, పగ్గాలు లాగితే ఇంకా వేగం పెంచుతుంది. కుడివైపు బాగానే తిరుగుతుంది గానీ ఎడమకి తిప్పితే కొయ్యలా బిగుసుకుని లోపలికి ఒరిగిపోతుంది. గట్టి కళ్లెం వేస్తే దారికొస్తుందని ఫామ్‌లో అంటున్నారు. వేయమంటారా?
– ఒక పాఠకుడు, గచ్చిబౌలి

జవాబు: వద్దండీ. లాగితే వేగం పెంచుతోందన్నారు చూడండి, అది పొగరు కాదు, దానికి నేర్పిన చదువే అది. రేసులో జాకీ పగ్గాలు పొట్టిగా పట్టుకుంటాడు, గుర్రం ఆ పట్టు మీద ఆనుకుని పరిగెత్తడం నేర్చుకుంటుంది. రెండేళ్ల వయసు నుంచీ అదే అలవాటు. మీరు ‘ఆగు’ అని లాగుతున్నారు, దానికి ‘పద’ అని వినబడుతోంది. గట్టి కళ్లెం వేస్తే నోరు నొప్పెడుతుంది, ఆ నొప్పి నుంచి పారిపోవడానికి ఇంకా పరిగెడుతుంది. నేనూ ఒకప్పుడు ఆ తెలివితక్కువ పని చేసి, శామీర్‌పేట దగ్గర మట్టిరోడ్డు మీద అర కిలోమీటరు దాకా ఆపలేక గుర్రం మెడ పట్టుకుని వేలాడినదాన్నే.

ఇంకో సంగతి. జాకీ కాళ్లు పెట్టుకునే రికాబులు పొట్టిగా కట్టుకుని జీను మీద నుంచి లేచి ఉంటాడు కాబట్టి, మనిషి వీపు మీద పూర్తిగా కూర్చోవడం, కాళ్లు డొక్కలకి తగలడం దానికి కొత్త. కాలు తగిలితే ఉలిక్కిపడుతుంది. తిట్టకండి.

అయితే ముందు డాక్టర్‌కి చూపించండి. రేసు గుర్రాల్లో కడుపులో పుండ్లు చాలా మామూలు. పళ్లు అరిగి పదునెక్కితే కళ్లెం దగ్గర గుచ్చుకుంటాయి. రేసులు మానాక వీపు కండ మారిపోతుంది, అంతకుముందు సరిపోయిన జీనే ఇప్పుడు నొక్కుతుంది. ఎడమవైపు బిగుసుకోవడం నొప్పి వల్ల కూడా కావచ్చు. నొప్పి ఉన్న గుర్రానికి ఎన్ని పాఠాలు చెప్పినా దండగ.

నొప్పి లేదని తేలితే అప్పుడు అసలు పని. గుర్రం ఊరికే నిలబడినా బరువులో 60 శాతం దాకా ముందు కాళ్ల మీదే ఉంటుంది. పైన మీరు ఎక్కాక ఇంకా ముందుకి పడుతుంది. ఒళ్లు చాచి దూసుకెళ్లడానికి పెరిగిన కండ వేరు, వెనక కాళ్లు పొట్ట కిందికి తెచ్చుకుని బరువు మోయడానికి కావలసిన కండ వేరు. ఆ రెండోది మీ గుర్రానికి ఇంకా లేదు, అందుకే తూలిపోతానేమోనన్న భయంతో పరిగెడుతుంది. పైగా రేసు ట్రాక్ మీద ఎప్పుడూ ఒకే వైపు మలుపులు, రెండోవైపు తిరగడం దానికి అలవాటు లేదు.

మొదటి నెలన్నర ఎక్కువగా నడకలోనే చేయించండి. 20 మీటర్ల వ్యాసం ఉన్న వలయం, అంతకన్నా చిన్నది వద్దు. పరుగందుకోబోతే లాగకుండా వలయంలోకి తిప్పండి, తిరుగుతూ తిరుగుతూ అదే నెమ్మదిస్తుంది. వలయం లోపలివైపున్న మీ కాలు జీను కట్టే పొట్టపట్టీ దగ్గర మెత్తగా నొక్కి, బయటి పగ్గం నిలకడగా ఉంచాలి, లోపలి పగ్గంతో మెడ వంచితే మెడొక్కటే వంగుతుంది, ఒళ్లు కాదు. ఎడమవైపు ఒకటి రెండు వలయాలు, వెంటనే కుడికి, మళ్లీ ఎడమకి, పాము నడిచినట్టు వంకర్లు తిప్పుతూ. పనికిరాని వైపే పది నిమిషాలు రుద్దితే కండ పట్టేసి ఇంకా మొండికేస్తుంది. నడక, ఆగడం, నడక, నాలుగడుగుల ట్రాట్, మళ్లీ నడక. ఇలా మార్పులు ఎన్ని ఎక్కువైతే వెనక కాళ్లు అంత పనిలోకి వస్తాయి. నడకలో కుదిరాక నేల మీద మూడు నాలుగు కర్రలు పరిచి దాటించండి, ట్రాట్‌కి మధ్య దూరం సుమారు 1.3 మీటర్లు, మీ గుర్రం అడుగుని బట్టి కాస్త అటూఇటూ. బాగా చేసిన ప్రతిసారీ పగ్గాలు వదిలి మెడ కిందికి చాచుకోనివ్వండి. దానికి అదే బహుమతి. క్యాంటర్ (ట్రాట్ కన్నా వేగమైన దౌడు) జోలికి ఇప్పుడే పోకండి.

ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. శని, ఆదివారాలే వచ్చి రెండేసి గంటలు ఎక్కుతున్నారా? అదే అయితే సగం సమస్య అక్కడే ఉంది. వారానికి నాలుగైదు రోజులు, రోజుకి 20–25 నిమిషాలు చాలు. మీకు కుదరకపోతే గుర్రాన్ని చూసుకునే సాయీసుతో చేత్తో నడిపించండి. వేసవిలో ఉదయం ఏడింటికల్లా పని ముగించేయండి, వానల్లో మన నల్లరేగడి మీద ట్రాట్ అసలు వద్దు, జారిపడితే కాలు పోతుంది.

ప్రశ్న: అదే గుర్రానికి రేసుల నాటి లెక్కలోనే ఓట్స్, ఉలవలు పెడుతున్నాం. ‘గుర్రం గుడ్డిదైనా దాణాకి తక్కువ లేదు’ అని మా నాన్నగారు ఎగతాళి. తగ్గించాలా?

జవాబు: మీ నాన్నగారి పక్షమే నేను. పని తగ్గింది, దాణా తగ్గలేదు, ఆ మిగిలిన శక్తి మీ మీదే చూపిస్తోంది. వారం పది రోజుల్లో మెల్లగా తగ్గించండి, ఒక్కసారిగా మారిస్తే కడుపునొప్పి వస్తుంది. 450 కిలోల గుర్రానికి రోజుకి 8–9 కిలోల మంచి ఎండుగడ్డి, నాలుగైదు సార్లుగా. ఉలవలు పెట్టాలనే ఉంటే ఉడికించి ఓ గుప్పెడు పెట్టండి, పక్కన ఉప్పుగడ్డ ఉంచండి.